పీకేసిన పైపుల లెక్క

పాత కారు మా షెడ్డుకి వస్తే బానెట్ ఎత్తి ముందుగా సన్న రబ్బరు పైపుల వైపు చూస్తాను. ఏ పైపు మూతిలో బోల్టు దూర్చారు, దేన్ని మడిచి తీగ చుట్టారు, ఏది ఊరికే కిందికి వేలాడుతోంది అన్నది చూస్తే చాలు. ఆ బండి ఎన్ని చేతులు మారి వచ్చిందో, అంతకుముందు పనిచేసినవాళ్లు ఎక్కడ విసిగిపోయారో అర్థమైపోతుంది. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో కార్ల పని చేస్తూనే నా జుట్టు నెరిసింది. పదిహేను, ఇరవై ఏళ్లు దాటిన బండ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. పొల్యూషన్ తగ్గించడానికి కంపెనీ అమర్చిన సామాను మొత్తం దేని చోట అది ఉన్న బండి వాటిలో అరుదు.

"ఆ పొల్యూషన్ సామాను పీకేయండి మేస్త్రిగారూ, బండి ఫ్రీగా లాగుద్ది" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ మాట వాళ్లకి నేర్పింది మా వృత్తివాళ్లే. ఆ సామాను ప్రభుత్వం బలవంతం మీద ఇంజనుకి తగిలించిన అదనపు బరువనీ, అది లేకపోతే ఇంజను ఇంకా హాయిగా తిరుగుతుందనీ మాలో చాలామంది నమ్మారు, నమ్మించారు. నా అనుభవం అందుకు పూర్తిగా విరుద్ధం. కంపెనీవాళ్లు ఆ భాగాలన్నీ పెట్టుకునే టైమింగు, పెట్రోలు పాళ్లు, ప్లగ్గు రకం కుదురుస్తారు. ఒకటి తీస్తే మిగిలినవాటి కొలతలన్నీ తప్పుతాయి. ఆ తప్పు ఆ రోజే కనిపించదు, అదే అసలు చిక్కు.

ఒక బండి సంగతి వివరంగా చెబుతాను. రిటైరైన లెక్కల మాస్టారిది. 1990ల మధ్యలో వచ్చిన కార్బ్యురేటర్ సెడాన్, జపాన్ డిజైను ఇంజను. మద్రాసులో ఎవరో కొత్తగా కొన్నది, ఇద్దరు ముగ్గురి చేతులు దాటి ఆయన దగ్గరికి చేరింది. ఆ కారంటే ఆయనకి ప్రాణం. దుర్గగుడి ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజనులో గలగలమని నాకింగ్ వస్తోందన్నారు. మైలేజీ బాగా పడిపోయిందన్నారు. పొద్దున షెడ్డు తలుపు తీస్తే గుప్పున పెట్రోలు వాసన. బండి నిలిపిన చోట గచ్చు మీద ఆయిల్ చుక్కలు. ఆయన చూపించిన చోటల్లా ఒకటే మాట చెప్పారట, ఇంజను దించాలి, బోరు పని చెయ్యాలి, రింగులు మార్చాలి అని. "దించేముందు ఒకసారి మీరు చూడండి" అంటూ తాళం నా చేతిలో పెట్టారు.

ఇంజను కవరు మీద నుంచి రావలసిన లావు పైపు దాని చోట లేదు. కార్బ్యురేటర్ కింద అది తగిలే మూతికి బోల్టు బిగించి ఉంది. పైపు రెండో కొసని చాసిస్ పక్కనుంచి కిందికి వదిలేశారు. మా భాషలో దాన్ని బ్రీదర్ కిందికి వదలడం అంటారు. ఇంజను ఎంత కొత్తదైనా కాలిన గ్యాసు కొంత, కాలని పెట్రోలు ఆవిరి కొంత పిస్టన్ రింగులు దాటి కిందికి, ఆయిల్ ఉన్న చోటికి జారుతుంది. పూర్వం దాన్ని అలాగే రోడ్డు మీదికి వదిలేసేవారు. పాత కాలపు కార్లు గాలిలోకి వదిలే హైడ్రోకార్బన్లలో దాదాపు ఐదో వంతు ఈ దారినే పోయేది. పీసీవీ వాల్వు చేసే పని ఆ గ్యాసుని లెక్కగా లాగి మళ్లీ ఇంజనులోకే పంపి కాల్చడం. అరచేతిలో ఇమిడే భాగం, ఖరీదు కూడా పెద్దగా ఉండదు. చేత్తో ఊపితే లోపల టకటకమని ఆడాలి, ఆడకపోతే జిడ్డుతో బిగుసుకుపోయినట్టు. పొల్యూషన్ మాట పక్కన పెట్టినా ఇంజనుకి దాని అవసరం ఉంది. లాగే శక్తి లేనప్పుడు ఆ గ్యాసూ, దానితో వచ్చిన తేమా ఆయిల్లోనే నిలిచిపోతాయి. మాస్టారి బండికి ఆయిల్ మూత తీస్తే లోపల తెల్లటి జిడ్డు పేరుకుని ఉంది. గుడికీ బజారుకీ తప్ప దూరం వెళ్లని బండికి ఇది మరీ తొందరగా వస్తుంది, ఇంజను పూర్తిగా వేడెక్కే లోపే ఆపేస్తారు కాబట్టి. కిందికి వదిలిన పైపులో కూడా అదే జిడ్డు సగం పూడ్చేసింది. ఇక లోపలి ఒత్తిడికి దారి లేదు. అది సీళ్లని, ప్యాకింగులని తోసుకుని ఆయిల్‌ని బయటికి నెడుతుంది. గచ్చు మీది చుక్కలకి కారణం అదే. బోరు పని చేసినా ఆ చుక్కలు ఆగేవి కావు.

తర్వాత ఈజీఆర్. సైలెన్సర్ వైపు పోయే కాలిన గ్యాసులో కొద్ది భాగాన్ని మళ్లీ లోపలికి తిప్పే వాల్వు ఇది. కాలిపోయిన పొగని మళ్లీ ఇంజనులోకి పంపడం ఏమిటని మా కుర్రాళ్లే అడుగుతుంటారు. ఆ గ్యాసులో మండేది దాదాపు ఏమీ మిగలదు. అది సిలిండర్లో చోటు ఆక్రమించి మంట వేడిని తగ్గిస్తుంది. మంట వేడి సుమారు 1,300 డిగ్రీల సెల్సియస్ దాటినకొద్దీ గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ ఒకటై నైట్రోజన్ ఆక్సైడ్లు వేగంగా పుడతాయి. వేడి తగ్గితే అవీ తగ్గుతాయి. స్లోలోనూ, ఫుల్ రేసులోనూ వాల్వు మూసుకునే ఉంటుంది. మామూలుగా బండి నడుస్తున్నప్పుడే తెరుచుకుంటుంది. ఇందులో మెకానిక్ పట్టుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. ఈ గ్యాసు కలిసిన మిశ్రమం నిదానంగా మండుతుంది. అందుకని అలాంటి ఇంజనులో ప్లగ్గు కాస్త ముందుగా అంటుకునేలా టైమింగు పెడతారు. ఈజీఆర్ తీసేసి టైమింగు అలాగే ఉంచితే మంట తొందరగా లేస్తుంది, లోడు పడినప్పుడు నాకింగ్ వస్తుంది.

మాస్టారి కారులో ఈజీఆర్ వాల్వు కింద రేకు ముక్క కోసి ప్యాకింగులా పెట్టేశారు. ఆ రేకు బయటికి తీశాక జరిగిందంతా వెనక నుంచి ముందుకి చదువుకున్నాను. ఎప్పుడో వాల్వు కూర్చునే చోట కార్బన్ అడ్డుపడి అది పూర్తిగా మూసుకోవడం మానేసి ఉంటుంది. అప్పుడు స్లోలో బండి వణుకుతుంది, ఆగిపోతుంది. వాల్వు విప్పి వైరు బ్రష్షుతో శుభ్రం చేస్తే తీరే పని. ఎవరో రేకు వేశారు. వణుకు ఆగింది, ఓనరు సంతోషంగా వెళ్లిపోయాడు. తర్వాత ఫ్లైఓవర్ల మీద, ఏసీ వేసినప్పుడు నాకింగ్ మొదలైంది. మరో మెకానిక్ డిస్ట్రిబ్యూటర్ తిప్పి టైమింగు వెనక్కి లాగాడు. నాకింగ్ కొంత తగ్గింది కానీ పికప్ పోయింది, ఇంజను వేడెక్కసాగింది. పికప్ కోసం ఇంకొకరు కార్బ్యురేటర్లో పెట్రోలు పెంచారు. దాంతో మైలేజీ పడిపోయింది, ప్లగ్గులు నల్లబడ్డాయి, కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేయడం మొదలుపెట్టింది. అలా నడిచిన బండికి రింగులు త్వరగా అరుగుతాయి. అరిగితే బ్రీదర్లో గ్యాసు పెరుగుతుంది. ఆ గ్యాసు కార్బ్యురేటర్‌లోకి వచ్చి స్లో పాడవుతోందని చివరికి బ్రీదర్ పైపు కూడా పీకి కిందికి వదిలారు. చిటికెడు కార్బన్‌తో మొదలైన కథ ఇంజను దించే దాకా వచ్చింది. ఈ వరసలో పనిచేసిన ఒక్కొక్కరూ ఆ పూట ఫిర్యాదుని తీర్చినవాళ్లే. ఏ ఒక్కరూ కారణం దగ్గరికి వెళ్లలేదు.

పెట్రోలు వాసన సంగతి వేరు. ట్యాంకులో పెట్రోలు ఎప్పుడూ ఆవిరవుతూనే ఉంటుంది, మన ఎండల్లో మరీను. ఆ ఆవిరి బయటికి పోకుండా బొగ్గు నింపిన ఒక నల్లటి డబ్బాలోకి పైపు వేస్తారు. బండి ఆగి ఉన్నంతసేపూ బొగ్గు ఆవిరిని పట్టి ఉంచుకుంటుంది, ఇంజను నడిచినప్పుడు దాని వాక్యూమ్ ఆ ఆవిరిని లోపలికి లాగుతుంది, అక్కడ కాలిపోతుంది. మాస్టారి బండిలో ఆ డబ్బా లేదు. దాని బ్రాకెట్టు మాత్రం మిగిలింది. ట్యాంకు నుంచి వచ్చే పైపు బానెట్ కింద నోరు తెరుచుకుని ఉంది, దానికి జానెడు దూరంలో ప్లగ్గు వైర్లు. వాసన వస్తోందని ఆయన కంగారు పడ్డారు గానీ, నేను కంగారు పడింది నిప్పు గురించి. కొన్ని బండ్లలో ఇదే పైపుకి గట్టిగా బిరడా కొట్టేస్తారు. అప్పుడు ట్యాంకుకి ఊపిరి ఆడదు. పెట్రోలు తగ్గేకొద్దీ లోపల వాక్యూమ్ పెరిగి బండి పరుగు మధ్యలో ఆగిపోతుంది, పెట్రోలు మూత తీస్తే బుస్సుమంటుంది. మూత తీసిపెట్టి మళ్లీ స్టార్ట్ చేస్తే బండి మామూలుగా నడుస్తుంది. ఆ సంగతి తెలియక పెట్రోలు పంపులు మార్పించుకున్నవాళ్లని చూశాను.

బాగు చెయ్యడం పెద్ద విద్య కాదు, ఓపిక కావాలి. చాలా జపాన్ డిజైను బండ్లకి బానెట్ లోపలి వైపు వాక్యూమ్ పైపుల పటం స్టిక్కరు మీద ఉంటుంది. మాస్టారి బండికి సగం చెరిగిపోయిన స్టిక్కరు దొరికింది. అది పట్టుకుని ఒక్కో పైపూ మార్చాం. ఈజీఆర్ దారిలో గట్టిపడిన కార్బన్‌ని చేత్తో తిప్పే డ్రిల్ బిట్టుతో గోకి తీశాం. వాల్వు పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. ఇంజను స్లోలో ఉండగా చేతి వాక్యూమ్ పంపుతో వాల్వు తెరవాలి. ఇంజను వణికి ఆగబోవాలి. ఏ మార్పూ రాకపోతే దారి పూడుకుపోయిందని అర్థం. బొగ్గు డబ్బా ఆటోనగర్‌లోనే సెకండ్ హ్యాండ్ సామాను దుకాణంలో దొరికింది. కొత్త పీసీవీ వేశాం, ఇంజను కవరు ప్యాకింగు మార్చాం, ఆయిల్ మార్చాం. టైమింగు లైటు పెట్టి కంపెనీ చెప్పిన డిగ్రీకి తెచ్చాం. కార్బ్యురేటర్ జెట్లు అసలు సైజువి వేసి, పొగ పరీక్ష చేసే గ్యాస్ ఎనలైజర్ దగ్గర స్లో సరిచేశాం. ఇంజను దించలేదు. ఫ్లైఓవర్ మీద మాస్టారే నడిపి చూశారు. నాకింగ్ లేదు. ఆయిల్ కారడం ఆగింది. మైలేజీ ఆయన లెక్కలు రాసుకునే పుస్తకంలోనే పెరిగింది, నేను చెప్పవలసిన పని లేకపోయింది.

అన్ని భాగాలకీ ఒకటే ప్రాముఖ్యం ఉందనను. పాత కార్బ్యురేటర్ బండ్లలో ఎయిర్ ఫిల్టర్ డబ్బాకి వేడి గాలి అందించే ఒక రెక్క ఉంటుంది. చలి దేశాల్లో కార్బ్యురేటర్‌లో మంచు కట్టకుండా, చల్లటి ఇంజను త్వరగా కుదురుకునేలా పెట్టిన ఏర్పాటది. విజయవాడలో అది లేకపోయినా బండికి తేడా తెలిసే రోజులు తక్కువ. అయితే అది వేడి వైపు బిగుసుకుపోతే మాత్రం వేసవిలో నాకింగ్‌కి అదే కారణమవుతుంది. దేన్ని తీస్తే ఏమవుతుందో తెలిసి మాట్లాడాలి, అంతే.

ఈ సామాను ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెప్పాలి. అమెరికాలో లాస్ ఏంజిలెస్ నగరాన్ని 1940లలో కళ్లు మండించే పొగమంచు కమ్మేసేది. అది ఎలా పుడుతోందో హాగన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త 1950ల తొలినాళ్లలో తేల్చి చెప్పాడు. కార్లు, పెట్రోలు శుద్ధి కర్మాగారాలు వదిలే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌ని పుట్టిస్తున్నాయని. బ్రీదర్ గ్యాసుని తిరిగి కాల్చే పద్ధతి ముందుగా ఆ కాలిఫోర్నియాలోనే వచ్చింది. 1975 మోడల్ నుంచి అమెరికా కార్లలో చాలావాటికి పొగలోని విషాలని తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ వచ్చేసింది. మన దగ్గర 1995 ఏప్రిల్ నుంచి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకి కన్వర్టర్ తప్పనిసరి చేశారు. దానికి సీసం లేని పెట్రోలు కావాలి. సీసం కన్వర్టర్ లోపలి ప్లాటినం, పల్లాడియం పూత మీద పేరుకుంటే అది ఇక పనిచెయ్యదు.

మా ఊళ్లో కన్వర్టర్లు కోసే అలవాటు ఆ సీసంతోనే మొదలైంది. ఆ నాలుగు నగరాల బండ్లు మన వైపు వచ్చేవి. ఇక్కడ బంకుల్లో సీసం కలిపిన పెట్రోలే ఎక్కువగా దొరికేది. కొన్నాళ్లకి కన్వర్టర్ చెడి, దారి మూసుకుని బండి లాగేది కాదు. కొత్తది కొనే స్తోమత ఎవరికీ లేదు, కొన్నా మళ్లీ అదే పెట్రోలు. సైలెన్సర్ పనివాళ్లు దాన్ని కోసి పైపు ముక్క అతికించేవారు. ఆ రోజుల్లో ఆ పనికి ఒక న్యాయం ఉంది. కానీ 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది. కోయడానికి ఉన్న కారణం పోయి పాతికేళ్లు దాటింది. అలవాటు మాత్రం మా దగ్గరే ఉండిపోయింది, కొత్త కుర్రాళ్లకి అదే పనితనంగా అందుతోంది. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

ఇప్పుడు కన్వర్టర్ మూసుకుపోతే దానికి వేరే కారణం ఉంటుంది. ఒక సిలిండర్ మిస్సింగ్ అవుతుంటే కాలని పెట్రోలు నేరుగా కన్వర్టర్లోకి వెళ్లి అక్కడ మండుతుంది. లోపలి తేనెతుట్టె లాంటి పింగాణీ ఎర్రగా కాలి కరిగి ముద్దవుతుంది. ఆయిల్ తాగే ఇంజను అయితే బూడిద పట్టి పూడుకుపోతుంది. బండి 60 దాటదు, ఎంత రేసు ఇచ్చినా గొణుగుతుంది. వాక్యూమ్ గేజి తగిలించి ఇంజనుని 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి చూస్తే ముల్లు మెల్లగా కిందికి జారుతూ పోతుంది. అప్పుడు కన్వర్టర్ కోసి గొట్టం వేస్తే బండి నిజంగానే ఎగిరి పరిగెడుతుంది. "చూశారా, ఆ డబ్బాయే దెబ్బ కొట్టింది" అని ఓనరుకి చూపిస్తారు. డబ్బాని చంపిన మిస్సింగ్ ఇంకా అక్కడే ఉంది. ప్లగ్గో, ఇగ్నిషన్ కాయిలో, కారుతున్న ఇంజెక్టరో చెడిపోయే ఉంది. బాగున్న కన్వర్టర్ని తీస్తే వచ్చే పికప్ ఏమీ లేదు, ఇది నేను ఖాయంగా చెప్పగలను. వచ్చేది చప్పుడు.

కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లు ఉండే ఎంపీఎఫ్‌ఐ బండ్లలో నష్టం ఇంకా ఎక్కువ. సైలెన్సర్ గొట్టంలో ఆక్సిజన్ సెన్సార్ ఉంటుంది. ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి కుదిరిందా లేదా అని క్షణక్షణం చూసి, ఒక వోల్టు లోపు సంకేతం ఇంజను కంప్యూటరుకి, అంటే ఈసీఎంకి పంపుతుంది. ఆ పాళ్ల దగ్గరే కన్వర్టర్ కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు అనే మూడు విషాలనీ ఒకేసారి తగ్గించగలదు. కన్వర్టర్ కోసేటప్పుడు ఈ సెన్సార్ వైరు కూడా తెంపేస్తుంటారు. అప్పుడు ఈసీఎంకి దారి చూపేవాళ్లు లేరు. ముందే రాసి పెట్టిన లెక్క ప్రకారం, ఇంజను దెబ్బతినకూడదని చాలా బండ్లలో పెట్రోలు కాస్త ఎక్కువే పోస్తుంది. ఓనరు మైలేజీ కోసం కన్వర్టర్ తీయించుకుంటాడు, ఉన్న మైలేజీ పోతుంది. గొట్టం అతుకు సరిగ్గా లేకపోతే ఇంకో ప్రమాదం ఉంది. కన్వర్టర్ లేని ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ చాలా ఎక్కువ. దానికి రంగు లేదు, వాసన లేదు. అతుకు కారి, ఫ్లోరు తుప్పుపట్టిన పాత బండిలో అద్దాలన్నీ ఎత్తి ఏసీ వేసుకుని ఆగి కూర్చుంటే అది లోపలికి వస్తుంది. తలనొప్పి, మత్తు, ఆ మీద ప్రాణమే పోవచ్చు. సైలెన్సర్ కారుతున్న బండిలో నిద్రపోవద్దని నా దగ్గరికి వచ్చే డ్రైవర్లందరికీ చెబుతాను.

డీజిల్ బండ్ల ఓనర్లు అడిగేది ఒకటే, ఈజీఆర్‌కి ప్లేటు వేసి దారి మూసెయ్యమని. టాక్సీ తిప్పే తమ్ముడొకడు ఏడు సీట్ల బండి తెచ్చాడు. "అన్నా, స్టాండులో అందరూ వేయించుకున్నారు. నాదొక్కటే ఇలా ఉంది" అన్నాడు. వాడి కష్టం నిజమే. డీజిల్ పొగలోని మసి, టర్బో వైపు నుంచీ బ్రీదర్ నుంచీ వచ్చే ఆయిల్ ఆవిరితో కలిసి ఇంటేక్ మానిఫోల్డ్‌లో తారు ముద్దలా గట్టిపడుతుంది. రైల్వే స్టేషను ముందు ఏసీ వేసుకుని గంటల తరబడి స్లోలో నిలబడే బండికి మరీ. మానిఫోల్డ్ విప్పి నానబెట్టి గోకి కడగడానికి ఒక రోజు పోతుంది, ఆ రోజు వాడికి సంపాదన లేదు. ప్లేటు గంటలో అయిపోతుంది. ప్లేటు వేస్తే ఇంటేక్‌లోకి మసి రావడం ఆగుతుందన్నది నిజం. పాత పంపు డీజిల్ ఇంజనుల్లో పికప్ కాస్త చురుగ్గా అనిపిస్తుందన్నదీ నిజం. వాటిని దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ సిలిండర్లో మంట వేడి పెరిగి నైట్రోజన్ ఆక్సైడ్లు చాలా ఎక్కువగా బయటికి వస్తాయి. అవి పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు వాస్తాయి, ఉబ్బసం ఉన్న పిల్లలకి అది మరీ హాని. కామన్ రైల్ బండ్లలో ఓనరుకీ తిప్పలు తప్పవు. ఈజీఆర్ తెరిచినప్పుడు బయటి గాలి ఇంత తగ్గాలని ఈసీఎంకి తెలుసు. తగ్గకపోతే పీ0401 కోడు వేసి చెక్ లైటు వెలిగిస్తుంది, కొన్ని బండ్లలో శక్తినే తగ్గించేస్తుంది. అప్పుడు ఆ కోడు చెరపడానికి సాఫ్ట్‌వేర్ మార్చేవాడి దగ్గరికి పరుగు. ఆ తమ్ముడికి మానిఫోల్డ్ కడిగి ఇచ్చాం. ఆయిల్ గడువులోపు మార్చమనీ, స్టాండులో ఊరికే ఇంజను నడపొద్దనీ, వారానికోసారి హైవే మీద గేరు దించి కాస్త గట్టిగా నడపమనీ చెప్పాను.

ఇంత చెప్పినా చాలామంది చివరికి ఒక కాగితం తీసి చూపిస్తారు. "పొల్యూషన్ సర్టిఫికెట్ పాసైంది కదండీ." ఆ పరీక్షలో ఏం కొలుస్తారో తెలుసుకోవాలి. పెట్రోలు బండికి స్లోలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్ కొలుస్తారు. భారత్ స్టేజ్ 2 ప్రమాణాలకి ముందు తయారైన కారుకి కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా పర్వాలేదు. భారత్ స్టేజ్ 2, 3 బండ్లకి అది 0.5 శాతం, స్టేజ్ 4 నుంచి 0.3 శాతం. కన్వర్టర్ కోసిన పాత బండిని కూడా ఆ 3 శాతం లోపలికి తేవచ్చు. పరీక్ష ముందు కార్బ్యురేటర్ స్క్రూ బిగిస్తారు, బయటికి వచ్చాక మళ్లీ వదులు చేస్తారు. డీజిల్ బండికి పొగ ఎంత నల్లగా ఉందన్నదే చూస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లని రెండింటికీ కొలవరు. ఈజీఆర్‌కి ప్లేటు వేసిన డీజిల్ బండి పొగ రీడింగు పెరగదు, కొన్నిసార్లు తగ్గుతుంది కూడా. ఆ కాగితం బండి ఆరోగ్యానికి సాక్ష్యం కాదు. కాగితం లేకపోతే 2019 సవరణ తర్వాత జరిమానా 10,000 రూపాయల దాకా ఉంది కాబట్టి జనం కాగితం కోసం తిరుగుతున్నారు, అంతవరకే.

విజయవాడ, విశాఖ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు, అటు హైదరాబాదు, ఇవన్నీ 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో గాలి బాగోలేని ఊళ్లుగా ఎక్కినవే. ఈ గాలిని ముందుగా పీల్చేది బండి వెనక నిలబడేవాళ్లు. బెంజి సర్కిల్లో ట్రాఫిక్ కానిస్టేబుళ్లు, మోటారు సైకిలు మీద పిల్లని ముందు కూర్చోబెట్టుకున్న తండ్రులు, ఆటో డ్రైవర్లు. ఆ తర్వాత మేము. రేకుల షెడ్డులో ఇంజను నడుపుతూ ట్యూనింగు చేసే కుర్రాళ్లు రోజంతా ఆ గొట్టం పక్కనే ఉంటారు. సాయంత్రానికి తలనొప్పి అంటే టీ తాగించి పంపడం మా దగ్గర మామూలు. నా షెడ్డులో ఇంజను నడిపే పని బయట ఎండలోనైనా సరే, ఆరుబయటే చేయిస్తాను. లోపల తప్పనిసరైతే సైలెన్సర్‌కి పొడుగు గొట్టం తగిలించి బయటికి వదులుతాం. ప్రతి షెడ్డులోనూ ఈ పని చెయ్యొచ్చు, ఖర్చు తక్కువ.

కోసిన కన్వర్టర్‌కి ఈ మధ్య మంచి ధర పలుకుతోంది. లోపలి రోడియం, పల్లాడియం ఖరీదైన లోహాలు. నిలిపి ఉంచిన బండ్ల కింద దూరి సైలెన్సర్లు కోసుకుపోయే దొంగలు దేశంలో చాలాచోట్ల బయల్దేరింది దీనికోసమే. "మీ పాత కన్వర్టర్ నేను తీసుకుని పని ఉచితంగా చేస్తాను" అని ఎవరైనా అంటే ఆ ఉచితం ఎవరికి లాభమో ఆలోచించుకోండి.

పాత కారు ఉంచుకున్నవాళ్లని నేను తప్పుపట్టను. సరిగ్గా చూసుకుంటే అవి ఇంకా చాలా ఏళ్లు నడుస్తాయి, నా అన్నం కూడా వాటి నుంచే వస్తోంది. మీకు నేను చెప్పేది ఇంతే. ఏదైనా పైపు గానీ డబ్బా గానీ తీసేస్తామని మెకానిక్ అంటే, అది ఎందుకు చెడిందో ముందు చెప్పమనండి. చెప్పలేకపోతే బండి ఇంకొకరికి చూపించండి. అప్పటికే తీసేసి ఉంటే ఆ భాగాన్ని పారెయ్యనివ్వకండి, డిక్కీలో వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. ఈసారి ఆయిల్ మార్పించేటప్పుడు పీసీవీ వాల్వు ఊపి చూడమనండి, వాక్యూమ్ పైపులన్నీ ఒక్కసారి తడిమి చూడమనండి. పగిలినవి ఉంటే ఆ రోజే మార్పించండి.